సూసుడు సరే, తిరుగుడెట్ల?

పుప్పాలగూడ మలుపు దగ్గర ట్రాఫిక్ ఆగినప్పుడు, కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మీద ఆయన కనిపించారు. పైన శ్రద్ధాంజలి అని పెద్దక్షరాలు, కింద దశదినకర్మ తేదీ, కుటుంబసభ్యుల పేర్లు. మధ్యలో తెల్ల చొక్కా, నెరిసిన జుట్టు, కొంచెం ఇబ్బందిగా నవ్వుతున్న ముఖం. ఫ్లెక్సీ చేసినవాడు వెనకున్న గోడను చెరిపేసి మబ్బులు పెట్టాడు. కానీ ఆయన ఎడమ భుజం మీద నాలుగు వేళ్ళు మిగిలిపోయాయి. ఆడమనిషి వేళ్ళు. గాజు అంచు కూడా కాస్త కనబడుతోంది. అక్కడ చెరపడం కుదరక వదిలేసినట్టున్నాడు.

ఆ వేళ్ళు నేను గుర్తుపట్టాను. ఆ ఫొటో నేను తీసిన వీడియోలోది. మబ్బులు పెట్టకముందు అక్కడ ఉన్నది నేను కట్టించిన గోడ. వెనక హారన్లు మోగుతుంటే కారు ముందుకు పోనిచ్చాను గానీ, ఆఫీసుకు వెళ్ళేదాకా ఆ వేళ్ళు కళ్ళ ముందు నుంచి పోలేదు.

నేను ఇళ్ళ లోపలి అలంకరణ చేయించే డిజైనర్‌ని. కొండాపూర్‌లో చిన్న ఆఫీసు. మా వాళ్ళు గోదావరి వైపు నుంచి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడ్డారు, నేను పుట్టింది మాత్రం ఇక్కడే. అయినా ఈ ఊరి పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే సగం విని, మిగతా సగం నాకు తోచినట్టు పూరించుకోవడం నాకు అలవాటు. ఆయన పేరు ఫ్లెక్సీ మీద ఉంది, ఇక్కడ రాయను. మా ఆఫీసులో ఆయనకు మేం పెట్టిన పేరు మాత్రం రాస్తాను, ఎందుకంటే దాన్ని దాచుకునే హక్కు నాకు లేదు. టచ్‌స్క్రీన్ తాత.

ఆ పేరు మొదటి రోజే వచ్చింది. కొడుకుతో కలిసి వచ్చారు. కొడుకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గోపన్‌పల్లిలో వేరే ఉంటాడు. పొలం బిల్డర్‌కి ఇస్తే వాటాగా వచ్చిన ఫ్లాటు ఒకటి సిద్ధమైంది, ఊళ్ళో పాత ఇల్లు రోడ్డు వెడల్పులో పోతోంది, అమ్మానాన్నలు ఈ ఫ్లాటులోకి మారాలి. అదీ విషయం. పెద్దాయన మా అద్దాల తలుపు బయట చెప్పులు విడిచి, పక్కపక్కన సరిగ్గా పెట్టి, ఒట్టికాళ్ళతో లోపలికి వచ్చారు. ఫరవాలేదండీ వేసుకోండి అంటే, "ఉండనీ బిడ్డా, నేల సల్లగున్నది" అన్నారు.

మేం అందరికీ ఇచ్చే ఫారం ఇచ్చాం. ఎలాంటి స్టైల్ ఇష్టం, ఏ రంగులు ఇష్టం, ఇంట్లో ఎంతమంది. కొడుకు అయిదు నిమిషాల్లో టిక్కులు పెట్టేశాడు. ఈలోగా తండ్రి బల్ల మీదున్న లామినేట్ ముక్కల్ని, అంటే చెక్క మీద అంటించే రేకుల నమూనాల్ని, ఒక్కొక్కటే తీసి, కళ్ళు మూసుకుని, బొటనవేలితో రుద్ది చూస్తున్నారు. రంగు చూడనే లేదు. నున్నటివి ఒక పక్క, గరుకువి ఒక పక్క పెట్టారు. "గోడలకు గీ గరుకుది ఏసుడైతదా? చెయ్యికి తెలుస్తది" అన్నారు. కొడుకు నవ్వి, "నాన్న చెప్పేవి పట్టించుకోకండి మేడమ్. మోడరన్‌గా చేసేయండి" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే ఒక ఇంటికి ఇద్దరు క్లయింట్లు ఉంటే, మాకు అర్థమయ్యే భాష మాట్లాడేవాడినే మేం క్లయింటు అనుకుంటాం. రెండోవాడు సైట్‌లో స్తంభం లాంటివాడు, చుట్టూ తిరిగి పని చేసుకోవాలి.

రెండోసారి ఒక్కరే బస్సులో వచ్చారు. జేబులోంచి ఒక సుతిలి తాడు చుట్ట తీసి బల్ల మీద పెట్టారు. కొంచెం కొంచెం దూరంలో ముడులున్నాయి. కొన్ని ఒంటి ముడులు, కొన్ని జంట ముడులు, ఒకచోట ఎర్రగుడ్డ పీలిక కూడా కట్టి ఉంది.

"మా ఇంటి కొలతలు బిడ్డా. కొత్తింట్ల గూడ గిట్లనే ఉండాలె."

నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు వినబడుతుంది. "మేం లేజర్‌తో కొలుస్తాం అంకుల్" అని ఆ చిన్న యంత్రం తీసి ఎదురు గోడ మీద ఎర్రచుక్క వేసి చూపించాను. ఆయన లేచి వెళ్ళి ఆ చుక్క మీద వేలు పెట్టారు. చుక్క ఆయన గోరు మీదికి వచ్చింది. "మంచిగనే కొలుస్తది. ఏడ కొలిచినవు?" అన్నారు.

"మీ ఫ్లాటులోనే అంకుల్. ప్రతి గోడా కొలిచాం."

"గది ఖాళీ ఇల్లు గద. మేమున్న ఇంటికి ఒక్కసారి రా. మా ఇంటామె ఎట్ల తిరుగుతదో సూడు."

వస్తానన్నాను. వెళ్ళలేదు. ఎక్కడైనా సరే, మా పనిలో సైట్ అంటే ఖాళీ ఫ్లాటు. మనుషులు ఇప్పుడు ఉంటున్న ఇంటిని మేం చూడం. అది కూలిపోయేది, పాతది, దాన్ని వదిలించుకోవడానికే కదా మా దగ్గరికి వస్తారు అనుకుంటాం. ఆడవాళ్ళు వంటింట్లో ఎలా తిరుగుతారో నాకు కాలేజీలో చెప్పారు: పొయ్యి, సింకు, ఫ్రిజ్, మూడూ త్రికోణంలో ఉండాలి. ఇంకా కొత్తగా చూసేదేముంది? సుతిలి చుట్ట నా సొరుగులో పడేశాను. అంతకు ముందు, ఆయన వెళ్ళాక, దాన్ని మెడలో వేసుకుని మా వాళ్ళను నవ్వించాను కూడా.

ఆ తర్వాత ఎన్నిసార్లు కలిశామో లెక్కలేదు. ప్రతిసారీ రా బిడ్డా అని పిలిచేవారు, చాయ్ తాగి పోదువు అనేవారు. మర్యాదకు పిలుస్తున్నారనుకున్నాను. ప్రతిసారీ పెద్ద తెర మీద ఇంటి బొమ్మలు చూపించేదాన్ని. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, మెడ చాచి శ్రద్ధగా చూసేవారు. చివర్లో ఎప్పుడూ ఒకే మాట.

"సూసుడు సరే బిడ్డా, తిరుగుడెట్ల?"

వంటింటి మధ్యలో రాతిపలక గద్దె వేశాను, దాన్ని మేం ఐలాండ్ అంటాం. "నడిమిట్ల గిదెందుకు? దీన్ని సుట్టి పోవాలె గద" అన్నారు. చూడటానికి చాలా బాగుంటుంది అంకుల్ అన్నాను. పడకగదిలో మంచం కిందికి ఒక మెట్టు ఎత్తు వేదిక వేశాను, హోటల్ గదిలా ఉంటుందని. "గీ మెట్టు తీసెయ్యరాదు?" అన్నారు. అదే కదా అంకుల్ గదికి అందం అన్నాను. మూలలు వాడిగా ఉన్నాయి, గుండ్రంగా చెయ్యమన్నారు. ఇప్పుడలా చెయ్యడం లేదు అన్నాను. ఆయన మాట మా ఆఫీసులో ఊతపదమైపోయింది. ఎవరైనా కొత్త డ్రాయింగు చూపిస్తే చాలు, ఇంకొకరు గొంతు బొంగురు చేసి, "సూసుడు సరే, తిరుగుడెట్ల?" అనేవారు. నేను కూడా అన్నాను, అందరికంటే బాగా అనేదాన్ని.

ఆయన ఎప్పుడూ గొంతు పెంచలేదు. ఒక్కసారి మాత్రం, సంతకం పెట్టాల్సిన కాగితాలు ముందు పెట్టినప్పుడు, పెన్ను పట్టుకుని చాలాసేపు ఆగారు. ఏదో చెప్పబోయారు. పెదవులు కదిలాయి. నేను ఫోన్ చూసుకుంటున్నాను. ఆయన గ్లాసులో నీళ్ళు తాగి, ప్రతి పేజీ మీద నెమ్మదిగా సంతకాలు చేశారు.

ఇల్లు పూర్తయ్యాక అప్పగించే రోజు వీడియో తీస్తాం. ఇప్పుడు అందరూ తీస్తున్నారు. ఇంటివాళ్ళను కళ్ళు మూసుకోమని లోపలికి తీసుకొచ్చి, ఒకటి రెండు మూడు అనగానే తెరవమంటాం. వాళ్ళ ముఖంలో ఆశ్చర్యం చూసి ఇంకో నలుగురు మాకు ఫోన్ చేస్తారు. ఆ రోజే ఆమెను మొదటిసారి చూశాను. చిలకపచ్చ చీర, నిండా గాజులు, సన్నటి మనిషి. భర్త భుజం మీద చెయ్యి వేసి ఆయన వెనకే లిఫ్టు దిగింది. కొత్తగా పెళ్ళయినవాళ్ళలా ఉన్నారని మా కెమెరా అమ్మాయి మురిసిపోయింది.

"ఆంటీ, కళ్ళు మూసుకోండి" అన్నాను.

ఆమె ఒక్క క్షణం భర్త వైపు తల తిప్పింది. తర్వాత బుద్ధిగా మూసుకుంది. అలాగే నడిపించి హాల్లో నిలబెట్టాను. మూడు అనగానే కళ్ళు తెరిచి కిటికీ వైపు చూసి నవ్వింది.

"అటు కాదాంటీ! టీవీ గోడ వైపు. మళ్ళీ చేద్దాం."

రెండోసారి తలుపు వైపు చూసింది. మా వాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కెమెరా ముందు కంగారు పడుతోందనుకున్నాను. మూడోసారి ఆయన ఆమె మోచెయ్యి పట్టి కొంచెం తిప్పారు. ఈసారి సరిగ్గా గోడ ఎదురుగా కళ్ళు తెరిచి, "మస్తు వెలుగున్నది" అంది. ఆ మాట నాకు తెగ నచ్చింది. వీడియో కింద అదే రాశాను. ఆయన నవ్వుతూనే ఉన్నారు. అదే ఫ్లెక్సీ మీదికెక్కిన నవ్వు.

నెల తర్వాత ఒక సొరుగు బిగుసుకుపోయిందని ఫోన్ చేస్తే, అటుగా పనుండి నేనే వెళ్ళాను. ఆయన తలుపు తీశారు. లోపలికి అడుగుపెట్టగానే నా గోడ చూసి అరిచినంత పని చేశాను. గాట్లు తీసిన చెక్కపలకల గోడ, నా ఆఫీసు గొప్పగా చెప్పుకునే పనితనం, దాని మీద నడుము ఎత్తున మంచాలకు అల్లే నవారు పట్టీ సాగదీసి మేకులు కొట్టారు. పడకగది నుంచి బాత్రూమ్ దాకా, అక్కణ్ణుంచి వంటింటి దాకా. మలుపు వచ్చినచోటల్లా ముడి.

"ఏంటండీ ఇది? ఎవరు కొట్టారీ మేకులు? ఎంత కష్టపడి చేశామో తెలుసా? చెక్క పాడైపోయింది కదా! ఇలా చేసేటట్టయితే డిజైనర్ ఎందుకండీ మీకు?"

ఆయన తల వంచుకుని నిలబడ్డారు. సోఫాలో ఆమె కూర్చుని ఉంది. మోకాలి కింద కట్టు, నుదుటి మీద కమిలిన మచ్చ. నేను అవి చూశాను. చూసి కూడా మాట్లాడటం ఆపలేదు. ఈ సంగతి రాయకుండా దాటేద్దామని రెండుసార్లు అనుకున్నాను.

నన్ను సాగనంపడానికి ఆయన లిఫ్టు దాకా వచ్చారు. లిఫ్టు రావడానికి టైం పట్టింది. అప్పుడు గొంతు తగ్గించి చెప్పారు.

"ఆమెకు కండ్లు కనపడయి బిడ్డా. వెలుతురు తెలుస్తది, అంతే. రెండేండ్లాయె. పాతింట్ల ఎవ్వలకు తెల్వకుంట తిరిగింది, మా పోరగానికి గూడ సక్కగ ఎర్కలే. అడుగడుగు ఆమెకు ఎర్కున్న ఇల్లు. ఎవ్వలకు చెప్పొద్దని నాతోటి ఒట్టేయించుకున్నది. అందుకే నిన్ను వచ్చి సూడుమన్న. సూస్తే నీకే సమజైతదనుకున్న."

లిఫ్టు తలుపు తెరుచుకుంటే ఆయన చేత్తో ఆపి పట్టుకున్నారు.

"నేను చెప్పిన్నని ఆమెకు తెల్వనియ్యకు. జర పైలంగ పో బిడ్డా, కింద రోడ్డు తవ్విన్రు."

ఆఫీసుకు వచ్చి ఆ వీడియో అసలు ముక్కలు తెరిచాను. మేం బయటపెట్టిన దాంట్లో మాటలు తీసేసి సంగీతం వేశాం, చివర్లో ఆమె అన్న ఒక్క మాట తప్ప. అసలు దాంట్లో ఆయన గొంతు వినబడుతోంది. పెదవులు పెద్దగా కదల్చకుండా, నవ్వు చెదరకుండా, గొణుగుతున్నారు. "ఇంకో మూడడుగులు. ఆగు. కుడిదిక్కు గద్దె ఉన్నది, చెయ్యి దగ్గరికి తీస్కో. ఇగ నవ్వు." మూడు సార్లూ అదే. కళ్ళు లేని మనిషిని నేను మూడు సార్లు కళ్ళు మూసుకోమని, మూడు సార్లు తెరవమని, సరిగ్గా చూడలేదని మందలించాను. బాత్రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

ఏడ్చినదాన్ని తర్వాత ఏం చేశాను? మర్నాడు కొడుక్కి ఫోన్ చేశాను. మా ఖర్చుతోనే ఐలాండ్ తీసేసి, మెట్టు కొట్టేసి, మూలలు గుండ్రం చేస్తానన్నాను. ఎందుకో చెప్పలేను కదా, ఆయన చెప్పొద్దన్నారు. కొడుకు ఆశ్చర్యపోయాడు. "ఎందుకు మేడమ్, సూపర్‌గా ఉంది కదా. ఆ పట్టీ అమ్మ మోకాలి నొప్పి కోసం కట్టానన్నాడు నాన్న. ఆయన అట్లనే ఏదో ఒకటి చేస్తుంటడు, వదిలేయండి." వదిలేశాను. అంత తేలికగా ఎలా వదిలేశానో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. క్లయింటు వద్దన్నాడు, నా బాధ్యత తీరింది అనుకున్నాను. వీడియో కూడా తీసెయ్యలేదు. దాన్ని చూసే ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్ళు వచ్చారు మరి. తర్వాత ఆయన రెండుసార్లు ఫోన్ చేశారు. తెర మీద ఆయన పేరు చూసి, మోగి మోగి ఆగేదాకా బల్ల మీదే పెట్టి చూస్తూ కూర్చున్నాను.

ఫ్లెక్సీ చూసిన రోజు సొరుగు వెతికాను. సుతిలి చుట్ట అడుగున ఉంది. దశదినకర్మ అయిన మూడోనాడు అది పట్టుకుని వెళ్ళాను.

బెల్లు కొడితే లోపల గోడ మీద చెయ్యి రాసుకుంటున్న చప్పుడు దగ్గరికి వచ్చింది. ఆమే తలుపు తీసింది.

"ఎవ్వరు?"

"నేనమ్మా. ఈ ఇల్లు డిజైన్ చేసిన..."

"ఓ, నువ్వా. కండ్లు మూసుకొమ్మన్న పిల్లవు. రా, కూసో."

కోపంగా అనలేదు. గుర్తు కోసం అంది. నేను సోఫా అంచున కూర్చున్నాను. కొడుకు కూరగాయలకు పోయాడని, తల్లిని గోపన్‌పల్లి తీసుకుపోతానంటున్నాడని చెప్పింది. తన కళ్ళ సంగతి ఇప్పుడు అందరికీ తెలుసంది. "నేనే చెప్పొద్దన్న. కండ్లు లేనిదానికి గింత సోకులిల్లెందుకని నలుగురు నవ్వుతరని. ఆయనేమో నా ఒట్టు తప్పలేక సచ్చిండు."

"నాకు చెప్పారమ్మా. లిఫ్టు దగ్గర. నేనే ఏమీ చెయ్యలేదు" అన్నాను.

ఆమె నా వైపు తల తిప్పింది. "చెప్పిండా" అంది. "ఆ దినం నువ్వు తిట్టిపోయినంక నాకు మస్తు కోపమొచ్చింది. ఆ పిల్లనేమనకు, మనం చెప్పకపోతే ఆమెకెట్ల ఎర్కైతది అన్నడు. బోనాలకు నిన్ను తిననీకి పిలుస్తనని ఫోన్ గూడ చేసిండు."

ఆ రెండు ఫోన్లు అవి. నేను సుతిలి ఆమె చేతిలో పెట్టాను.

ఏమిటా అని తడిమింది. మొదటి ముడి దగ్గర వేళ్ళు ఆగాయి. ముఖం మారిపోయింది. "మంచం" అంది. వేళ్ళు జరిపింది. జంట ముడి. "కడప." గడప అన్నమాట. ఇంకొంచెం. "నీళ్ళ గోలెం." మళ్ళీ జంట ముడి. "వంటింటి కడప. ఇది పొయ్యి." తాడు ఒళ్ళో కుప్పపడుతోంది, నా కళ్ళ ముందు నేనెన్నడూ పోని ఆ ఇల్లు లేస్తోంది. పొయ్యి తర్వాత చాలా దూరం ముడి లేదు. చిట్టచివర గుడ్డపీలిక తగిలింది. దాన్ని వేళ్ళ మధ్య నలుపుతూ ఉండిపోయింది.

"ఇది బయట గద్దె. పొద్దుగాల ఆయన కూసునే జాగ. పొయ్యి కాడికెంచి చాయ్ పట్టుకపోయి, సుక్క కింద పడకుంట ఆయన చేతికిచ్చేదాన్ని. గీ ఇంట్లకొచ్చినంక ఒక్కనాడు గూడ ఇయ్యలే. నడిమిట్ల గా బండ తలుగుతదని నన్ను లేవనియ్యకపోతుండె. ఆయనే పెట్టి నాకిచ్చేటోడు. పోయిన దినం పొద్దుగాల గూడ ఆయనే ఇచ్చిండు."

నేను ఏడుస్తున్నానని ఆమెకు తెలిసింది. ఏడవకు అనలేదు. తాడు చుట్ట చుట్టి, బొడ్డున దోపుకుని లేచింది. "చాయ్ పెడత" అంది.

నేను పెడతానమ్మా అన్నాను. "కూసో" అంది. నవారు పట్టుకుని వంటింట్లోకి నడిచింది. పట్టీ అయిపోయినచోట చెయ్యి గాల్లో చాచి, నా ఐలాండ్ అంచు వెతికి పట్టుకుని, దాన్ని పట్టుకునే చుట్టూ తిరిగి పొయ్యి దగ్గరికి చేరింది. ఏడడుగులు. అది లేకపోతే రెండడుగులు. వెళ్ళి పట్టుకోవాలనిపించింది గానీ, కూర్చోమంది కాబట్టి కూర్చున్నాను. నేను గీసిన ఇంట్లో ఒక మనిషి ఎలా తిరుగుతుందో అప్పుడు మొదటిసారి చూశాను.

అదే దారిలో, ఒక చేత్తో గ్లాసు, ఒక చేత్తో నవారు పట్టుకుని తిరిగి వచ్చింది. "ఇగో, వేడిగున్నది" అని గ్లాసు చాచింది. నేనున్న వైపు కాదు, సోఫా రెండో చివర వైపు. బహుశా అక్కడ ఆయన కూర్చునేవారేమో.

నేను లేచి అక్కడికి జరిగి అందుకున్నాను.